కుడి చెక్క కావలెను

“ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడికీ ఇంకొకడు చేసిన కుర్చీలో కూర్చోవలసిన ఖర్మ పట్టదు!” అని స్వయం బిగింపు శాఖ మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో మారుమోగిపోయింది. సభలో ఉన్నవాళ్లంతా అద్దెకు తెచ్చిన, ఎవరో చేసిన కుర్చీల్లోనే కూర్చుని ఉన్నారు గనక, అలాగే కూర్చుని చప్పట్లు కొడితే మంత్రిగారి మాటను ధిక్కరించినట్టవుతుందేమోనని కొందరు లేచి కొట్టారు. లేస్తే వెనకవాళ్లకు మంత్రిగారు కనపడరేమోనని మరికొందరు సగం లేచి, మోకాళ్లు వంచి, గాల్లో ఉండి కొట్టారు. మర్నాడు పేపర్లు ఈ భంగిమకు ‘ఉప్పొంగిన జనం’ అని పేరు పెట్టాయి.

ఆలోచన గొప్పదే. అందులో ఎవరికీ సందేహం లేదు. ప్రభుత్వం పెట్టె ఇస్తుంది. పెట్టెలో చెక్కలుంటాయి, మరలుంటాయి, బొమ్మలు గీసిన కాగితం ఒకటి ఉంటుంది. బొమ్మ చూసుకుంటూ చెక్కలు బిగించుకుంటే కుర్చీ కావలసినవాడికి కుర్చీ, మంచం కావలసినవాడికి మంచం. పథకానికి ‘మీ బల్ల మీ చేతుల్లో’ అని పేరు పెట్టారు. ఆ పేరు కోసం ఒక కమిటీ, బల్ల అనాలా టేబుల్ అనాలా అన్న చిక్కుముడి విప్పడానికి ఒక ఉపకమిటీ పనిచేశాయి.

ఈ ప్రసంగాన్ని లైబ్రేరియన్ తన ఇంటి వసారాలో రేడియోలో విన్నది. పాతికేళ్లుగా ఊరి లైబ్రరీకి ఆవిడ ఒక్కతే ఉద్యోగి. తాళం తీసేదీ ఆవిడే, వేసేదీ ఆవిడే. ఊరంతా పుస్తకాలమ్మ అని పిలుస్తారు. ఆవిడ భర్త వడ్రంగి మేస్త్రీ. రేడియోలో చప్పట్లు వినపడగానే ఆయన చేతిలోని చిత్రిక కింద పెట్టాడు.

“ఇంకొకడు చేసిన కుర్చీ అంటున్నాడేమిటే? ఆ ఇంకొకడు నేనేనా?”

“మిమ్మల్ని కాదులెండి. పొరుగు దేశం వాళ్లని అయ్యుంటుంది.”

“పొరుగు దేశం వాళ్లు మన ఊరొచ్చి కుర్చీలు ఎప్పుడు చేశారు?”

దీనికి జవాబు మంత్రిగారి దగ్గర ఉండే ఉంటుందని ఆవిడ సరిపెట్టుకుంది.

రెండు వారాలకు లైబ్రరీ ముందు లారీ ఆగింది. లోపలున్న పదకొండు టేకు అల్మారాలనూ ‘పరాధీన సామాను’ కింద రాసుకుని, ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆ అల్మారాలు చేసింది మేస్త్రీ తండ్రి. నాలుగు వేల పుస్తకాలు నేలమీదికి దిగాయి. చరిత్ర గుమ్మం దగ్గర, కవిత్వం కిటికీ కింద, వైద్యం కుళాయి పక్కన సర్దుకున్నాయి. పాఠకులు నవలల దగ్గరికి పోవాలంటే తత్వశాస్త్రం మీంచి దూకాలి. వృద్ధులు ఆగిపోయి, కాలికి ఏది తగిలితే అదే చదువుకుని పోతున్నారు.

మూడోనాడు కొత్త అల్మారా పెట్టె వచ్చింది. ‘జ్ఞానవాహిని, పెద్ద సైజు’ అని దాని మీద ముద్ర. వెంట ఒక తాఖీదు. ‘పుస్తకము అల్మారాలో ఉన్న యెడల జ్ఞానముగాను, నేలపై ఉన్న యెడల సరుకుగాను పరిగణించవలెను. నెలాఖరు తనిఖీ నాటికి అల్మారా నిలబడని లైబ్రరీని గోడౌనుగా గుర్తించి తాళము వేయబడును. సరుకు తూకమునకు అమ్మబడును.’

పుస్తకాలమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి నవ్వు వచ్చింది. రెండోసారి సంతకం ఎవరిదో చూసింది. మూడోసారి చదివేటప్పుడు కింద కూర్చుని చదివింది. పాతికేళ్లలో ఆవిడ ఒక్క పుస్తకాన్ని కూడా చెదలకు వదల్లేదు. వర్షం వస్తే ఇంటి కిటికీలు మరిచిపోయి లైబ్రరీ కిటికీలు వెయ్యడానికి పరిగెత్తిన మనిషి. ఇప్పుడు వాటిని తూచి అమ్ముతారట.

మధ్యాహ్నం మేస్త్రీ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. “ఎంతసేపే, గంటలో నిలబెడతాను” అంటూ పెట్టె మీది తాడు తెంపాడు. పైనే ఎర్రక్షరాలతో అట్ట కనిపించింది. ‘హెచ్చరిక: వృత్తి వడ్రంగి చెయ్యి తగిలిన సామానుకు గ్యారంటీ వర్తించదు. తనిఖీలో అట్టి సామాను సామానుగా గుర్తించబడదు.’

మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

“తాడు తెంపినందుకు ఏమీ కాదు కదే?”

“తాడు సామాను కాదులెండి. మీరు కాస్త దూరంగా ఉండండి.”

పుస్తకాలమ్మ ఒక్కొక్కటే తీసి పేర్చింది. పక్క చెక్కలు నాలుగు, నాలుగూ ఎడమవే. అరల బదులు మంచం తలాపు ఒకటి. అద్దం బిగించే గుండ్రటి చట్రం ఒకటి. మరలు పిడికెడు ఉన్నాయి గాని, కన్నాల కంటే లావుగా ఉన్నాయి. బొమ్మల కాగితం ఉయ్యాల బిగించే విధానం గురించి. ఆఖరి బొమ్మలో ఒక పాప ఉయ్యాల్లో పడుకుని నవ్వుతోంది.

“ఎడమ చెక్కను తిప్పి పెడితే కుడి చెక్క అవుతుందేమో?” అంది పుస్తకాలమ్మ ఆశగా.

“తిప్పితే కన్నాలు బయటికొస్తాయి. అరలు బయటివైపు బిగించుకుని, పుస్తకాలు వీధిలో పెట్టుకోవాలి.”

హెచ్చరిక అట్ట వెనకాల ఒక ఫోన్ నంబరు ఉంది. పౌరుల సేవలో ఇరవైనాలుగు గంటలూ మోగే ఫోను. అంటే ఇరవైనాలుగు గంటలూ అది మోగుతూనే ఉండేది. ఐదోసారికి ఒక తియ్యటి గొంతు పలికింది.

“నమస్కారం! మీ బల్ల మీ చేతుల్లో! మీకు ఏ విధంగా సహాయపడగలను?”

“మా అల్మారాకు కుడి పక్క చెక్క రాలేదమ్మా.”

“చాలా సంతోషం మేడమ్. ఆ చెక్క నంబరు చెప్పండి.”

“నంబరు ఎక్కడుంటుంది?”

“చెక్క వెనకాల స్టిక్కరు మీద ఉంటుంది మేడమ్.”

“చెక్కే రాలేదంటున్నానమ్మా.”

“అర్థమైంది మేడమ్. స్టిక్కరు చిరిగిపోయిందా?”

“చిరగలేదమ్మా. చెక్క వస్తే కదా స్టిక్కరు ఉండటానికి!”

“ఒక్కసారి ఆ రాని చెక్కను తిప్పి చూడండి మేడమ్. నేను లైన్‌లోనే ఉంటాను.”

పుస్తకాలమ్మ మర్యాదస్థురాలు. కాసేపు ఆగింది. తిప్పి చూసినంతసేపూ ఆగింది. “లేదమ్మా” అంది.

“మీ ఫిర్యాదు నమోదైంది మేడమ్. ‘కస్టమర్ చెక్కను తిప్పినప్పటికీ ఫలితం లేదు.’ మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?”

పాతికేళ్ల ఉద్యోగంలో ఎవరినీ నొప్పించి ఎరగదు గనక ఏడు వేసింది. ఆ ఏడు మార్కులు ఆ నెల రాష్ట్ర సగటును అమాంతం పెంచాయి.

మర్నాడు ఒక ఎడమ చెక్కను చంకన పెట్టుకుని, తేడా వచ్చిన ముక్కలు మార్చి ఇచ్చే సమగ్ర మార్పిడి కేంద్రానికి బయల్దేరింది. మేస్త్రీ వెంట నడిచాడు, చేతులు వెనక్కి కట్టుకునే. చెక్క బరువుగా ఉంది. సాయం పట్టబోయి, గ్యారంటీ గుర్తొచ్చి, ఆయన గొడుగు మాత్రం పట్టాడు.

కేంద్రం బయట క్యూ వీధి మలుపు దాటి ఉంది. అందరి చేతుల్లోనూ ఏదో ఒక ముక్క. లోపల హాలు ఖాళీ. నట్టనడుమ ఒక బీరువా తలుపు నిలబెట్టి ఉంది. దాని చుట్టూ గోడ లేదు, బీరువా కూడా లేదు. మార్పిడి అధికారికి శాఖ పంపిన పెట్టెలో బల్ల బదులు ఈ తలుపు వచ్చింది. శాఖ మీద ఫిర్యాదు చెయ్యడం క్రమశిక్షణ కాదని ఆయన దాని వెనకే నిలబడి పరిపాలన సాగిస్తున్నారు. జనం కూడా పద్ధతి తెలిసినవాళ్లు. తలుపు కొట్టి, “రావచ్చా?” అని అడిగి, పక్కనుంచి నడిచి లోపలికి వెళ్తున్నారు.

పుస్తకాలమ్మ తలుపు కొట్టింది.

“బిగించారా?” అన్నారు అధికారి, చెక్క వంక చూడకుండానే.

“కుడి చెక్క లేకుండా ఎలా బిగిస్తానండీ?”

“చూడండమ్మా. బిగించిన దాన్నే సామాను అంటారు. బిగించకపోతే అది వట్టి చెక్క. చెక్క వ్యవహారమైతే అటవీ శాఖకు వెళ్లాలి. బిగించి తీసుకురండి, నిమిషంలో మారుస్తాను.”

“బిగించగలిగితే ఇక మార్చడం ఎందుకండీ?”

అధికారి ముఖం వికసించింది. “అదేనమ్మా మా శాఖ సాధించిన విజయం! మొదటి నుంచీ చూస్తున్నాను. బిగించి తెచ్చి మార్చమన్న మనిషి ఒక్కడు లేడు. నూటికి నూరు పాళ్లు సంతృప్తి.”

“ఈ నెలాఖరుకి నా లైబ్రరీకి తాళం వేస్తారండీ.”

“తాళం కూడా స్వయంగా బిగించుకునేదే వస్తుంది. దాంట్లో తాళంచెవి ఉండకపోవచ్చు. కంగారుపడకండి.”

ఆవిడ బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది. ఏడవాలని లేదు గాని కళ్లజోడు ఎందుకో మసకబారింది. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకునేసరికి, క్యూలో ముందున్న నర్సు చంకలోని చెక్క స్పష్టంగా కనిపించింది. ముదురు గోధుమరంగు. లోపలివైపు కన్నాలు, ఐదైదు వరసలు.

“అమ్మాయ్! అది మా చెక్కే!”

నర్సు ఉలిక్కిపడింది. “మీదేంటక్కా? మా ఇంటికి పెట్టెలో వచ్చింది. ఇలాంటివి నాలుగున్నాయి. మా కోడలికి వచ్చే వారం కాన్పు. ఉయ్యాలకి పెట్టుకుంటే కడ్డీలు వచ్చాయిగాని, బిగించే కాగితం లేదు. అదేదో అల్మారా కాగితం పెట్టారు. మా అబ్బాయి అది చూసి కడ్డీలు బిగిస్తే ఉయ్యాలకి ఐదంతస్తులొచ్చాయి.”

పుస్తకాలమ్మ సంచీలోంచి ఉయ్యాల కాగితం తీసింది. పాప నవ్వుతున్న బొమ్మ చూడగానే నర్సు అక్కడికక్కడే ఆవిణ్ని కావలించుకుంది. కుడి చెక్క చేతులు మారింది.

“కుడి చెక్క దొరికింది సరే. అరలు?” అన్నాడు మేస్త్రీ.

పుస్తకాలమ్మ క్యూ వంక చూసింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఒకరికి కావలసింది ఇంకొకరి చంకలో ఉంది. ఎవరికీ ఆ సంగతి తెలియదు. అందరూ తలుపు వంకే చూస్తున్నారు. ఇలాంటి అయోమయాన్ని ఆవిడ తన జీవితంలో ఒకసారి చూసింది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు, లైబ్రరీలో. ఆరోజు ఏం చేసిందో ఇప్పుడూ అదే చేసింది. సంచీలోంచి కేటలాగు కార్డుల కట్ట తీసి, కలం మూత విప్పింది.

“అందరూ వరసగా చెప్పండి. మీ దగ్గరేముంది, మీకేం కావాలి, ఇల్లెక్కడ?”

మధ్యాహ్నానికి అరవై కార్డులయ్యాయి. సాయంత్రానికి కట్ట అయిపోయింది. మర్నాటి నుంచి క్యూ మార్పిడి కేంద్రం దగ్గర కాకుండా లైబ్రరీ దగ్గర మొదలైంది. ఆవిడ కార్డులన్నిటినీ పెట్టెల్లో సర్దింది. కాళ్లు ఒక పెట్టె, చేతులు ఒక పెట్టె, వీపులు ఒక పెట్టె, తలుపులు ఒక పెట్టె. ప్రతి పెట్టెలోనూ మళ్లీ కుడి, ఎడమ. ఎవరైనా వచ్చి “మంచం కోడు, కుడి, ముందరిది” అంటే, ఆవిడ వేళ్లు కార్డుల మీద ఒక్కసారి పరిగెత్తేవి. “పాలడిపో వెనక వీధి, రెండో ఇల్లు. వాళ్లకు సొరుగు పిడి కావాలి, పట్టుకెళ్లండి.”

మేస్త్రీ లైబ్రరీ పెరట్లో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు. ఎవరు ఏం బిగిస్తున్నా పక్కన నిలబడి చెప్పేవాడు. “అటు కాదు నాయనా, ఇటు. ముందు నాలుగూ వదులుగా పెట్టు, తర్వాత బిగించు. నేను ముట్టుకోను. నా నోటికి ఏ అట్ట మీదా హెచ్చరిక లేదు.” వారం తిరిగేసరికి ఆయన గొంతు పోయింది. మొహంలో మాత్రం కళ వచ్చింది.

అన్నీ సులువుగా జరగలేదు. రిటైర్డ్ హెడ్మాస్టరుగారు రాతబల్ల అడిగితే ఆయనకు పెద్ద తొట్టె వచ్చింది. ఇచ్చెయ్యమంటే ససేమిరా అన్నారు. అందులో దిండు వేసుకుని కాళ్లు చాపుకుని పేపరు చదవడం అలవాటైపోయిందట. ఆయన భార్య వచ్చి, “మనవలు చూస్తే నవ్వుతారు, ఇచ్చెయ్యండి” అని నాలుగు చివాట్లు పెట్టాక కదిలారు.

సెలూన్ ఆయనది ఇంకో చిక్కు. ఆయన కుర్చీకి చేతులు రెండూ కుడివే వచ్చాయి. ఎడమ చేతులు రెండూ పక్కింటి టైలరు దగ్గరున్నాయి. వాళ్లిద్దరి ఇళ్లకీ గోడ ఒక్కటే. ఆ గోడ మీద కాకి వాలితే ఎవరి కాకి అన్నదాని దగ్గర మొదలై ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. పుస్తకాలమ్మ ఇద్దరినీ ఒకే సమయానికి రమ్మంది.

“అమ్మా, ఆయన్ని మరలు కూడా ఇస్తాడేమో అడగండి,” అన్నాడు సెలూన్ ఆయన, టైలరు పక్కనే నిలబడి.

“ఇస్తానని చెప్పండమ్మా. వాడి కుర్చీలో వీపు పట్టీ వదులుగా ఉందని కూడా చెప్పండి. అలాగే వదిలేస్తే గడ్డం గీసేటప్పుడు మనిషి వెనక్కి పోతాడు.”

“పోతే పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి కదమ్మా, అడగండి.”

“ఇదిగో పట్టుకున్నానని చెప్పండి.”

అప్పటికి టైలరు పట్టీని ఒకవైపు పట్టుకుని లాగుతున్నాడు, సెలూన్ ఆయన రెండోవైపు మర తిప్పుతున్నాడు. పుస్తకాలమ్మ ఇక చెప్పడం మానేసింది. వాళ్లూ గమనించలేదు.

ఇరవయ్యారో తారీఖున లైబ్రరీ అల్మారాకు ఆఖరి అర దొరికింది. ఫార్మసీలో మందులు పెట్టుకునే బల్లకింద అది ఇన్నాళ్లూ పాదపీఠంగా ఉంది. ఆవిడ తనే మర బిగించింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. అల్మారా లేచి నిలబడింది. కొంచెం ఊగి, ఆలోచించుకుని, నిలబడిపోయింది. ఇలాంటివే మరో పది పెట్టెలు ఆ వారంలోనే వచ్చాయి. ఇప్పుడు ఊళ్లో అరలెక్కడున్నాయో ఆవిడకు తెలుసు గనక అవీ రెండు రోజుల్లో లేచాయి. మేస్త్రీ చాలాసేపు దూరంగా ఉండి చూశాడు.

“మా నాన్న చేసినట్టు లేవే,” అన్నాడు చివరికి.

“లేవండి.”

“నిలబడ్డాయిగా?”

“నిలబడ్డాయి.”

“అయితే పుస్తకాలెక్కించు. పుస్తకాలకి గ్యారంటీ లేదుగా, ఇటివ్వు నేనూ అందిస్తాను.” అలా మూడు వారాల తర్వాత మొదటిసారి ఆయన చేతులు ముందుకొచ్చాయి. చీకటి పడేలోగా నాలుగు వేల పుస్తకాలూ సరుకు స్థాయినుంచి మళ్లీ జ్ఞానం స్థాయికి చేరుకున్నాయి.

మర్నాడు పొద్దున్నే మార్పిడి అధికారి చేతిలో తాఖీదుతో దిగారు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

“మూడు వారాలుగా నా తలుపు కొట్టినవాడు లేడమ్మా. మీరు ప్రభుత్వ విధులను అక్రమంగా నిర్వర్తిస్తున్నారు. ఇది అనధికార మార్పిడి. కార్డులన్నీ స్వాధీనం చెయ్యండి.”

“అలాగేనండీ. మీకూ ఒక బల్ల బాకీ ఉన్నట్టుంది. మీ తలుపు కోసం ఒకాయన తిరుగుతున్నాడు, చూడమంటారా?”

“వద్దమ్మా. అలవాటైపోయింది. వచ్చేవాడి మొహం కనపడదు, ప్రాణానికి సుఖంగా ఉంది.”

ఆయన ఒక కార్డుల పెట్టె చేతిలోకి తీసుకున్న క్షణానే జేబులో ఫోను మోగింది. మాట్లాడుతున్నకొద్దీ నిటారుగా అయ్యారు. “అవును సార్... మూడు వారాలుగా ఒక్క ఫిర్యాదు లేదు సార్... దేశంలో మొదటి స్థానమా సార్?... మంత్రిగారే స్వయంగానా?... అంతా తమ దయ సార్...” ఫోను పెట్టేసి, తాఖీదును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కార్డుల పెట్టెను ఎక్కడినుంచి తీశారో అక్కడే జాగ్రత్తగా పెట్టారు. “చక్కగా ఉందమ్మా మన కార్యక్రమం,” అన్నారు.

నెలాఖరున తనిఖీ బృందం బదులు మంత్రిగారే వచ్చారు. లైబ్రరీ ముందు పందిరి వేశారు. రోడ్డుకు అవతల ప్రతిపక్ష నాయకుడు నల్ల జెండాలతో బల్ల ఎక్కి నిలబడ్డాడు. “సరిపోలని ముక్కలు! సరిపోలని పాలన! ఆ పెట్టె ఈనాటి వరకు నా గుమ్మం తొక్కలేదు, తొక్కబోదు!” అని ఆయన మైకులో అరుస్తుంటే, ఇవతల మంత్రిగారు ఆ శబ్దాన్ని కూడా తన చప్పట్ల ఖాతాలో వేసుకుని మాట్లాడారు.

“సరిపోలని ముక్కలు ఇచ్చారని కొందరు విమర్శిస్తున్నారు. అవును, ఇచ్చాం. కావాలనే ఇచ్చాం!” ఈ మాటకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది శాఖ కార్యదర్శి. మంత్రిగారు కొనసాగించారు. “అందరికీ అన్నీ సరిగ్గా ఇచ్చేస్తే ఏం జరుగుతుంది? ఎవరింట్లో వాళ్లు బిగించుకుని, తలుపులేసుకుని కూర్చుంటారు. మనిషికీ మనిషికీ సంబంధం ఉండదు. అదే నీ కాలు వాడింట్లో, వాడి చెయ్యి నీ ఇంట్లో ఉంటే? అది సమాజం! ఈ ఊళ్లో ఆరేళ్లుగా మాటల్లేని ఇద్దరు మాట్లాడుకున్నారని విన్నాను. వాళ్లను కలిపింది ఎవరు? మన పెట్టె! అందుకే రెండో దశలో ఒకే బల్ల ముక్కలను నాలుగు జిల్లాలకు పంపబోతున్నామని సవినయంగా మనవి చేస్తున్నాను!”

మొదటి వరసలో ఉన్న నర్సు ఒళ్లోని మనవడి చెవులు మూసింది.

ఉత్తమ మార్పిడి పతకాన్ని అధికారి మెడలో వేశారు. పుస్తకాలమ్మకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో ఆవిణ్ని ‘పథకం వల్ల మేలు పొందిన గృహిణి’గా గుర్తించారు. ఆవిడకు కోపం రాలేదు. తన లైబ్రరీ గోడౌను కాదని, లోపలున్నవి పుస్తకాలేనని మంత్రిగారు రాతపూర్వకంగా అంగీకరించిన కాగితం దానికి జత చేసి ఉంది. అదే పదివేలు. ఆ కాగితాన్ని కొంగు చాటున పట్టుకుని ఆవిడ లోపలికి వచ్చింది.

మంత్రిగారు మూడో వక్త ప్రసంగం వింటుండగా, ఆయన పీఏ మెల్లగా లైబ్రరీలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కాసేపు పుస్తకాల వీపులు చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఏ పుస్తకం కావాలండీ?”

“పుస్తకం కాదమ్మా. చిన్న సొంత పని. మంత్రిగారింటికి మన పథకం కిందే ఒక కుర్చీ తెప్పించాం. స్వయంగా బిగించుకున్న కుర్చీలో కూర్చుని రేపు పత్రికలవాళ్లకు ఫొటో ఇవ్వాలి. తీరా చూస్తే కాళ్లు నాలుగూ ఎడమవే వచ్చాయి. ఉన్న పాత కుర్చీలన్నీ అప్పటికే పంపించేశాం. మూడు రోజులుగా అయ్యగారు నిలబడే ఉన్నారు. విశ్రాంతి ఎరగని నాయకుడని కార్యకర్తలు బ్యానర్లు కూడా కట్టేశారు. కానీ మోకాళ్లు పట్టేశాయమ్మా.”

“మీ శాఖే కదండీ. మార్పిడి కేంద్రంలో అడగలేకపోయారా?”

“అడిగామమ్మా. బిగించి తెమ్మన్నారు.”

పుస్తకాలమ్మ ఇంకేం అడగలేదు. ‘కాళ్లు’ అన్న పెట్టె దగ్గరికి జరుపుకుంది. కుర్చీ, కుడి. కార్డులు వేళ్ల కింద గలగలమన్నాయి. ఒక కార్డు దగ్గర ఆగి, కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చదివింది.

“ఉన్నాయండీ. ఒకరి దగ్గర నాలుగూ కుడి కాళ్లే ఉన్నాయి. అదే కుర్చీ. వాళ్లకి ఎడమ కాళ్లు రెండు కావాలట. చెరి రెండూ మార్చుకుంటే ఇద్దరి కుర్చీలూ నిలబడతాయి.”

“అమ్మయ్య! ఎవరమ్మా ఆ మహానుభావుడు?”

ఆవిడ కార్డు ఆయన వైపు తిప్పింది. పీఏ ఆ పేరు చదివాడు. చిరునామా చదివాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, రెక్క కొద్దిగా తీసి రోడ్డు అవతలికి చూశాడు. నల్ల జెండాల మధ్య బల్ల ఎక్కి ప్రతిపక్ష నాయకుడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. “...నా గుమ్మం తొక్కలేదు! తొక్కబోదు!”

“ఇది ఎప్పుడు రాయించారమ్మా?”

“పోయిన గురువారం. ఆయన బావమరిది వచ్చి రాయించి వెళ్లాడు. ఈ సంగతి మంత్రిగారికి మాత్రం చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదండీ, మీకే చెప్పాను. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందని అడిగితే చెప్పడం నా ఉద్యోగం.”

పీఏ కిటికీ రెక్క మూశాడు. తర్వాత జేబులోంచి కలం తీశాడు.

“మార్చుకున్నట్టు సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?”

రెండు రోజుల తర్వాత పేపరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఆ వార్త వచ్చింది. ‘జాతి హితం కోసం ఒక్కటైన నేతలు.’ మంత్రిగారూ ప్రతిపక్ష నాయకుడూ గంటన్నర సేపు తలుపులేసుకుని చర్చలు జరిపారు. లోపలినుంచి అప్పుడప్పుడు సుత్తి చప్పుడు వినిపించిందని విలేకరి రాశాడు. కొన్ని మౌలికమైన అంశాలపై ఇరుపక్షాలూ ఇచ్చిపుచ్చుకునే ధోరణి కనబరిచాయని, విమర్శలను ప్రస్తుతానికి ఉపసంహరించుకుంటున్నానని ప్రతిపక్ష నాయకుడు చెప్పారు. వార్త పక్కనే ఫొటో. ఇద్దరూ రెండు కొత్త కుర్చీల్లో, వీపు వెనక్కి ఆనించకుండా, పాదాలు గట్టిగా నేలకు అదిమిపెట్టి, పక్కపక్కన కూర్చుని నవ్వుతున్నారు.

ఫొటో తీసిన తర్వాత ఎవరో అడిగిన ప్రశ్నకు, ప్రభుత్వం పూర్తి స్థిరంగా ఉందని మంత్రిగారు ఏమాత్రం కదలకుండా జవాబిచ్చారు.